పాసవ్వకూడని పరీక్ష

పోయిన వారం ఆ నలుగురినీ వినికిడి క్లినిక్ వరండాలో, ఒక కాలు పొట్టిగా ఉన్న ఇనుప బెంచీ మీద వదిలేసి మన దారిన మనం వచ్చేశాం. వారమంతా అక్కడే కూర్చున్నారేమోనని జాలిపడకండి. మనకి వారమైంది కానీ వాళ్ళకి గడిచింది కాసేపే. కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి తలుపు తీయిస్తాను. పాతవాళ్ళు విసుక్కోకండి, మీరూ సగం మరిచిపోయే ఉంటారు.

టీచరుకి ఒక్కతే కూతురు. ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. పిల్లకి చెవుడు లేదు. పక్కగదిలో బిస్కెట్ పొట్లం విప్పితే చాలు, పరిగెత్తుకొస్తుంది. కానీ క్లాసులో అంతమంది గోల మధ్య పంతులమ్మ "పుస్తకం మూసి, పెన్సిలు తీసి, బోర్డు మీదది రాసుకోండి" అంటే ఈ పిల్ల పుస్తకం మూసి చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఏది అడిగినా ముందు "ఆఁ?" అంటుంది. అందుకని తోటి పిల్లలు 'ఆఁ పాప' అని పేరు పెట్టారు. ఆ పేరు వీధి దాటి ఇంట్లోకి కూడా వచ్చేసింది. చెవుల డాక్టరు పరీక్ష చేసి రెండు చెవులూ భేషుగ్గా ఉన్నాయన్నాడు. మరి పిల్లకి మాటలెందుకు ఎక్కడం లేదంటే భుజాలెగరేసి, వినికిడి నిపుణురాలి దగ్గరికి పంపాడు. ఈలోగా స్కూలు హెడ్‌మిస్ట్రెస్ ఓ మాట తేల్చేసింది. నిజంగా ఇబ్బంది ఉంటే సోమవారం లోపల రిపోర్టు తెండి, లేకపోతే అది బద్ధకమే, పిల్లని మళ్ళీ రెండో తరగతిలో కూర్చోబెడతాం అంది.

టీచరంటే స్కూలు టీచరు కాదు. ఇంటి ముందుగదిలో సాయంత్రాలు పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెబుతుంది. ఏ ప్రశ్న వస్తుందో పేపరు తయారుచేసేవాడికంటే ముందు ఆవిడకే తెలుస్తుందని పేరు. "ఇది ఇంపార్టెంట్, గుర్తుపెట్టుకోండి" అన్నది ఊతపదం, కాబట్టి ఆవిడ ఇంపార్టెంట్ టీచరు. భర్త బస్సుల గ్యారేజీలో మెకానిక్. ఎవరేం చెప్పినా "సరే, సరే" అని తలాడించేస్తాడని అక్కడ ఆయన్ని సరే మేస్త్రి అంటారు. ఇక నాలుగో మనిషి మేస్త్రి తల్లి, పిల్లకి నానమ్మ. చెప్పాల్సినవి చెప్పకుండా, చెప్పక్కర్లేనివన్నీ చెబుతూ బతికిన మనిషి.

ఇంతే కథ. ఇప్పుడు తలుపు తెరుచుకుంది.

"లోపలికి రండి, అందరూ రావచ్చు" అంది వినికిడి డాక్టరమ్మ. నలభై దాటిన మనిషి, జేబులో మూడు పెన్నులు, కళ్ళజోడు నెత్తి మీద. ఆవిడ గది రెండు ముక్కలుగా ఉంటుంది. ఇటు బల్ల, కంప్యూటరు, నాలుగు కుర్చీలు. అటు మందపాటి తలుపు వెనక గాజు కిటికీ ఉన్న చిన్న గది. ఆ గాజు గది గోడలకి బూడిదరంగు స్పాంజి అంటించి ఉంటుంది. తలుపు వేస్తే బయటి చప్పుడు చీమంత కూడా లోపలికి పోదు. పిల్ల లోపలికెళ్ళి ఎత్తు కుర్చీ ఎక్కింది. డాక్టరమ్మ దాని తలకి పెద్ద హెడ్‌ఫోన్స్ తగిలించి వచ్చి, కంప్యూటరు ముందు కూర్చుంది. లోపల వినిపించేదీ, పిల్ల జవాబు చెప్పేదీ ఇటున్న చిన్న స్పీకర్లోంచి వీళ్ళకి కూడా వినపడుతుంది.

పరీక్ష చూడ్డానికి తేలిక. ముందు పది మంది ఒకేసారి మాట్లాడుకుంటున్నట్టు గోల మొదలవుతుంది. ఆ గోల మీద ఓ ఆడగొంతు ఒక మాట చెబుతుంది. పిల్ల ఆ మాట తిరిగి చెప్పాలి, అంతే. కిందటిసారి వచ్చినప్పుడు పిల్ల సగం మాటలు తప్పు చెప్పి, మిగతా సగానికి "ఆఁ?" అని, చివరికి ఏడుపు మొహం పెట్టింది. మాటలన్నీ అయ్యాయి గానీ, పిల్ల అలిసిపోయింది, ఆ లెక్క పనికిరాదని డాక్టరమ్మ మళ్ళీ రమ్మంది.

గోల మొదలైంది. "గొడుగు" అంది స్పీకర్లో గొంతు.

"గొడుగు" అంది పిల్ల.

"కిటికీ."

"కిటికీ."

"దువ్వెన."

"దువ్వెన."

టీచరు కుర్చీ అంచుకి జరిగింది. వెన్ను నిటారైంది. పెదాలు కదలకుండా తనూ లోపల్లోపల ఒప్పజెప్పుకుంటోంది. పిల్ల ప్రతి మాటకీ కుడిచేతి వేలితో ఎడమ అరచేతిలో ఓ తట్టు తట్టి మరీ చెబుతోంది. ఒక్కటి తప్పితే ఒట్టు. మేస్త్రి గోడ మీద చెవి బొమ్మ చూస్తూ కూర్చున్నాడు. నానమ్మ ఒళ్ళోని సంచీ పట్టీ మెలిపెడుతోంది. డాక్టరమ్మ మాత్రం మొదట్లో నవ్వు మొహంతోనే ఉంది కానీ, జవాబులు పెరిగేకొద్దీ ఆ నవ్వు తగ్గుతూ వచ్చింది. చివర్లో ఓ చోట మౌస్ రెండుసార్లు నొక్కి, తల వంచి స్పీకర్ వంక చూసి, నెత్తి మీది కళ్ళజోడు కళ్ళకి దించుకుంది. టీచరు అది గమనించలేదు. గమనించే స్థితిలో లేదు, ఆవిడ మనసులో పిల్ల కంటే ఒక మాట ముందుంది.

"అయిపోయింది" అంది డాక్టరమ్మ, కుర్చీ ఇటు తిప్పుకుని. "నూటికి నూరు."

టీచరు రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. గాజులోంచి పిల్లకి బొటనవేలు చూపించింది. లోపల పిల్ల హెడ్‌ఫోన్స్ కిందనుంచి నవ్వింది. ఆ నవ్వు చూసి టీచరు కడుపు నిండిపోయింది. ఎన్నాళ్ళైందో ఆ పిల్ల ఏదో పరీక్ష రాసి నవ్వి!

"నే చెప్పలేదూ?" అన్నాడు మేస్త్రి. గ్యారేజీలో మాట్లాడినట్టే గట్టిగా అన్నాడు. "దానికేం లేదు. మొండితనం, అంతే. మనం అనవసరంగా ఊరంతా తిప్పుతున్నాం."

"ఈ లెక్కన నేను రాయాల్సింది కూడా అదే" అంది డాక్టరమ్మ మెల్లగా. "చెవులు బాగున్నాయి. గోలలో మాట పట్టుకోవడం బాగుంది. వినికిడికి సంబంధించి ఏ ఇబ్బందీ లేదు. స్కూలుకి అలాగే రిపోర్టు ఇస్తాను."

టీచరు ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే లోపల ఏదో తేడా కొట్టింది. ఇబ్బంది లేదని రిపోర్టు. అంటే బద్ధకమని రుజువు. సోమవారం ఆ కాగితం తనే తన చేత్తో హెడ్‌మిస్ట్రెస్‌కి ఇస్తుంది. ఆవిడ చదివి, మడిచి, "చూశారా?" అంటుంది. తన కూతురు తనకంటే పొట్టి పిల్లల మధ్య మళ్ళీ రెండో తరగతి బెంచీలో కూర్చుంటుంది. మరి పరీక్ష పాసైందిగా? పాసైతే మంచే జరగాలిగా? జీవితమంతా పిల్లల్ని పాస్ చేయించడమే పనిగా బతికిన మనిషికి, పాసవ్వడం వల్ల నష్టమొచ్చే పరీక్ష ఒకటి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆవిడకి సంతోషించాలో భయపడాలో తెలియలేదు. రెండూ ఒకేసారి చేసింది.

"రాసేముందు ఓ సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకండి" అంది డాక్టరమ్మ. "చివర్లో ఒక చోట కంప్యూటరు మొరాయించింది. వెనక గోల వస్తూనే ఉంది కానీ మాట రాలేదు. నేను రెండుసార్లు నొక్కినా రాలేదు. మీ పాప మాత్రం ఆగలేదు. చేతిలో తట్టుకుని 'నిచ్చెన' అంది."

మేస్త్రి చెవి బొమ్మ మీంచి చూపు తిప్పాడు.

"అక్కడ రావాల్సిన మాట నిచ్చెనే" అంది డాక్టరమ్మ.

నానమ్మ ఉన్నట్టుండి పైన తిరుగుతున్న ఫ్యాను మీద ఎక్కడలేని ఆసక్తి తెచ్చుకుంది. మేస్త్రికి మాత్రం ఏమీ అర్థం కాలేదు. "సరే, రాని మాట కూడా చెప్పిందంటే ఇంకా మంచిదేగా?" అన్నాడు.

"వినకుండా చెప్పింది సార్. ఎవరో నేర్పారు."

టీచరు ట్యూషన్లో కాపీ కొట్టిన పిల్లల్ని నిలబెట్టి ఎవరు చెప్పార్రా అని ఎన్నోసార్లు అడిగింది. అప్పుడు వాళ్ళు నేల చూపులు చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. ఇప్పుడు తనూ నేలే చూస్తోంది. నేల మీద గచ్చు పగులు ఒకటి గోడదాకా పోయింది. అది చూడ్డానికి చాలా బాగుంది, డాక్టరమ్మ మొహం కంటే.

"నేనే" అంది చివరికి. "కిందటిసారి మీ వెనకే కూర్చున్నాను కదండీ. స్పీకర్లో ఒక్కో మాటా వస్తుంటే... అలవాటండీ. ఇంపార్టెంట్ అనిపించింది. గుర్తుండిపోయాయి. ఇంటికెళ్ళి చెప్పించాను."

"అన్నీనా?"

"వరసగా."

"నీకేమైనా మతి పోయిందా?" అని మేస్త్రి లేచాడు. "డబ్బు దండగ, రోజు దండగ, ఎవరైనా..."

"ఒక్క నిమిషం సార్, కూర్చోండి." డాక్టరమ్మ గొంతు పెరగలేదు కానీ గట్టిపడింది. "అమ్మా, ఇది ర్యాంకులిచ్చే పరీక్ష కాదు. పిల్లకి ఎక్కడ ఇబ్బందో తెలుసుకోవడానికి పెట్టేది. మీరు చేసింది ఎలా ఉందో తెలుసా? జ్వరమొచ్చిన పిల్ల నోట్లో పెట్టేముందు థర్మామీటరుని చన్నీళ్ళలో ముంచి తెచ్చినట్టుంది."

టీచరుకి కోపం వచ్చింది. తప్పు తనదే అని తెలిసినప్పుడు వచ్చే కోపం, అది మామూలు కోపం కంటే నాలుగాకులు ఎక్కువే చదివి ఉంటుంది.

"అయితే ఫెయిలవమని నేర్పమంటారా నా కూతురికి?" అంది. "పాసైతే బద్ధకం అంటారు. ఫెయిలైతే లోపం అంటారు. చెవులు బాగున్నాయని చెవుల డాక్టరు అంటాడు, బాగున్న చెవులతో పిల్ల వినట్లేదని స్కూల్లో అంటారు. ఇంట్లో మొండిదంటారు. నేను చెవిలో ఇల్లు కట్టుకుని చెబితే ఒక్క ముక్క ఎక్కుతుంది. నన్నేం కోరుకోమంటారో మీరే చెప్పండి డాక్టరుగారూ, పాసవ్వాలనా, ఫెయిలవ్వాలనా? నాకు అర్థం కావట్లేదు. నిజంగా అర్థం కావట్లేదు."

కొంగుతో మొహం తుడుచుకుంది. గాజు అవతల పిల్ల నవ్వు కూడా ఆగిపోయింది. దానికి మాటలు వినపడవు గానీ మొహాలు బాగా చదువుతుంది.

డాక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ నెత్తికెక్కించింది. "తప్పు నాదీ ఉంది" అంది. "కిందటిసారి పెట్టిన మాటలే మళ్ళీ పెట్టాను. వేరేవి పెట్టాల్సింది. స్పీకరు కట్టెయ్యాల్సింది. ఇంతకుముందు ఏ తల్లీ వాటిని బట్టీ పట్టలేదు మరి." అని ఆవిడే కాస్త నవ్వింది. "చూడండమ్మా, పాపకి లోపం ఉందని రాయించుకోవడం కోసం ఇదంతా చేయట్లేదు. చెవి వినడం వేరు, విన్నదాన్ని మెదడు విడదీసుకోవడం వేరు. కొందరు పిల్లలకి చుట్టూ గోల ఉంటే మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అదే తేలితే చేయగలిగినవి చాలా ఉన్నాయి. ముందు బెంచీలో కూర్చోబెట్టమనొచ్చు. పంతులమ్మ మెడలో చిన్న మైకు, పాప చెవికి చిన్న రిసీవరు పెట్టి ఆవిడ గొంతొక్కటే దగ్గరగా వినిపించేలా చెయ్యొచ్చు. ఇక్కడ వారం వారం వినికిడి సాధన చేయించొచ్చు. తేలకపోతే ఇవేవీ అడగలేను."

"ఇప్పుడు తేలదా?" అంది టీచరు.

"ఇంకో వరస మాటలున్నాయి, ఎవరూ విననివి. పాపకి ఓపికుంటే ఇవాళే పెడదాం. అంతకంటే ముందు నాకో అనుమానం తీర్చండి." డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "క్లాసులో ఒక్క వాక్యం నిలవని పిల్లకి అన్ని మాటలు, అదీ వరసగా, ఎలా ఎక్కించారు?"

టీచరు తెల్లబోయింది. తిట్టించుకోవడానికి సిద్ధపడ్డ మనిషిని పాఠం ఎలా చెప్పావని అడిగితే తడబడదా మరి. "ఏముందండీ. ఫ్యాను కట్టేస్తాను. కిటికీ వేస్తాను. ఎదురుగా కూర్చుని నా మొహం చూడమంటాను. దాని చెయ్యి నా చేతిలోకి తీసుకుని ఒక్కో మాటకీ అరచేతిలో ఒక్కో తట్టు తడతాను. అది నోటితో అని, తనూ తట్టుకుంటుంది. అయ్యాకే ఇంకో మాట. అలా చెబితే మర్చిపోదు."

"మీకెవరు చెప్పారు ఇలా చెయ్యమని?"

"ఎవరూ చెప్పలేదు. మా అత్తయ్య చేస్తుంటే చూశాను. పిల్లకి ఏదైనా పని చెప్పాలంటే ఆవిడ ముందు చెయ్యి పట్టుకుంటారు."

"నేను ఇంటికి రాసివ్వబోయే సలహాల్లో సగం ఇదే" అంది డాక్టరమ్మ. నానమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, మరి మీకెవరు నేర్పారు?"

నానమ్మ ఫ్యాను మీంచి చూపు దించింది. పొగిడితే కరిగిపోయే స్వభావం, పాపం. "ఒకరు నేర్పేదేముందమ్మా" అంది. "అవసరం నేర్పింది. వీడికి చిన్నప్పుడు అలా చెబితే గానీ..."

"అమ్మా!" అన్నాడు మేస్త్రి.

ఆ అరుపుకి బల్ల మీది పెన్ను దొర్లింది. నానమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. కానీ మాట పెదవి దాటేసింది, ఇక దాన్ని వెనక్కి పిలవడం ఎవరి తరం?

టీచరు భర్త వంక చూసింది. తర్వాత అత్తగారి వంక చూసింది. ఆవిడ బుర్రలో పన్నెండేళ్ళ కాపురం తలకిందులుగా తిరగడం మొదలెట్టింది. ఏది చెప్పినా ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తాడని ఎన్ని రాత్రులు పోట్లాడింది! ఉల్లిపాయలు తెమ్మంటే 'సరే' అని వెళ్ళి అగ్గిపెట్టె తెచ్చేవాడు. నలుగురు చేరి కబుర్లాడుకునే చోట రెండు నిమిషాలుండి, గాలి ఆడట్లేదని వాకిట్లోకి పోయేవాడు. ఫోన్లో మాట్లాడమంటే చిరాకు. గ్యారేజీలో వాళ్ళంతా చేతులతో సైగలు చేసుకుంటారని, అక్కడ మాత్రం ఆయన్ని మించిన పనివాడు లేడని పేరు. పెళ్ళైన కొత్తలో తను ఏం చెప్పినా కళ్ళార్పకుండా తన పెదాల వంకే చూస్తూ వినేవాడు. అది ప్రేమనుకుని మురిసిపోయింది. ఇప్పుడు అది ప్రేమా, లేక ఒక్కో మాటా పోగేసుకునే అవస్థా? రెండూనా? అడిగితే ఏం చెబుతాడు? సరే అంటాడు.

"ఏమండీ" అంది. "నిజమేనా?"

"నాకేం లేదు" అన్నాడు మేస్త్రి, గోడకేసి చూస్తూ. "ఇంజను చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పగలను నేను. చెవుడున్నవాడు చెప్పగలడా అది?"

"చెవుడని నేననలేదు సార్" అంది డాక్టరమ్మ. "పాపకీ లేదు."

"వాడిది బద్ధకమని వాళ్ళ నాన్న బెల్టు తీసేవాడమ్మా" అంది నానమ్మ, ఎవరూ అడక్కుండానే. ఆవిడ కళ్ళు నిండిపోయాయి. "అందుకే వంటింట్లోకి లాక్కెళ్ళి, ఆయన ఏం చెప్పాడో నేను మళ్ళీ చేతిలో తట్టి చెప్పేదాన్ని. పెద్దయ్యాక పోయిందనుకున్నా. పోయిందిగా నాన్నా?"

మేస్త్రి తల వంచి చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు. టీచరుకి ఆయన్ని చూస్తే జాలి కలిగింది. వెంటనే, ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదన్న మంట కూడా రేగింది. ఆ రెండింట్లో ఏది ముందు పట్టుకోవాలో తేలక చేతిసంచీ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

అప్పుడు గాజు గది తలుపు తెరుచుకుంది. పిల్ల హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని, వైరు ఎంత దూరం వస్తే అంత దూరం వచ్చి నిలబడింది.

"అమ్మా, నేను తప్పు చెప్పానా?"

"లేదు బంగారం, అన్నీ కరెక్టే" అంది డాక్టరమ్మ. వంగి, దాని మొహానికి ఎదురుగా మొహం పెట్టి అడిగింది. "ఇంకోసారి ఆడదామా? ఈసారి కొత్త మాటలు."

పిల్ల తల్లి వంక చూసింది. "కొత్తవి నాకు రావు. అమ్మ చెప్పలేదు."

టీచరు లేచి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. అలవాటుగా పిల్ల చెయ్యి అందుకుంది. "రాకపోయినా ఏం కాదు" అంది. ఒక్కో మాటకీ ఒక్కో తట్టు. "తప్పు చెప్పొచ్చు. ఎన్నైనా చెప్పొచ్చు."

ఆ నోట్లోంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. పిల్ల నమ్మలేదు. నమ్మకపోవడం దాని తప్పూ కాదు. తల్లి చేతిలోంచి మెల్లగా చెయ్యి లాక్కుని తండ్రి వైపు చూపించింది.

"నాన్న వస్తే వెళ్తా."

"నాన్నెందుకమ్మా లోపలికి?" అంది నానమ్మ.

"నాన్నక్కూడా గోలలో మాటలు రావుగా" అంది పిల్ల, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "నాకు చెప్పాడు. 'ఆఁ' అనకు, 'సరే' అను అన్నాడు. 'ఆఁ' అంటే తిడతారంట. 'సరే' అంటే వదిలేస్తారంట. నాన్న ఎప్పుడూ అలాగే అంటాడంట. కానీ స్కూల్లో నేను మర్చిపోయి 'ఆఁ' అనేస్తున్నా."

నానమ్మ ఏడుస్తోంది, చప్పుడు చెయ్యకుండా. టీచరు మోకాళ్ళ మీదే ఉండిపోయింది. భర్త మొహం చూడ్డానికి ధైర్యం చాలలేదు. అయినా చూసింది. గ్యారేజీ మొత్తానికి వినపడేలా అరిచే ఆ మనిషి, తెల్లచొక్కా మీద గ్రీజు మరక దాచుకునే పిల్లాడిలా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇక లేచి బయటికి వెళ్ళిపోతాడనుకుంది. గాలి ఆడట్లేదు అంటాడనుకుంది.

మేస్త్రి లేచాడు. వాకిలి వైపు రెండడుగులు వేశాడు కూడా. తర్వాత ఆగి, డాక్టరమ్మ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"లోపల రెండు కుర్చీలు పడతాయా?" అని అడిగాడు.

"పడతాయి. మీరు ఊరికే పాప పక్కన కూర్చుంటే చాలు."

"ఊరికే కాదు. ముందు నాకు పెట్టండి." ఆయన గొంతు మొదటిసారి తగ్గింది. "తప్పు చెబితే ఏం కాదంటే అది నమ్మట్లేదుగా. చెప్పి చూపిస్తా."

డాక్టరమ్మ తలూపింది. పిల్ల బట్టీ పట్టిన పాత వరసే ఆయనకి పెడతానంది, కొత్తది పిల్ల కోసం దాచాలి కదా. ఇంకో కుర్చీ లోపలికి పోయింది. హెడ్‌ఫోన్స్ మేస్త్రి తలకి ఎక్కాయి. పిల్ల పక్క కుర్చీలో కాళ్ళూపుతూ కూర్చుంది. మందపాటి తలుపు మూసుకుంది. ఇటు ముగ్గురు ఆడవాళ్ళు, అటు గాజు వెనక ఆ ఇద్దరూ మిగిలారు.

స్పీకర్లో గోల మొదలైంది. ఆ గోల మీద ఆడగొంతు, "గొడుగు" అంది. టీచరుకి స్పష్టంగా వినిపించింది. ఎవరికైనా వినిపిస్తుంది అంత స్పష్టంగా.

మేస్త్రి నుదురు ముడతలు పడింది. ఆయన కళ్ళు గాజులోంచి డాక్టరమ్మ పెదాలని వెతికాయి, తర్వాత తల్లి పెదాలని, తర్వాత భార్య పెదాలని. ఎవరూ పెదాలు కదపలేదు. ఆయన ఎడమచెయ్యి మెల్లగా ఒళ్ళోంచి లేచి అరచెయ్యి పైకి తిరిగింది. పక్కన పిల్లకి జవాబు వచ్చు. మొదటి మాట గొడుగని దానికి కంఠతా వచ్చు. అది తండ్రి అరచేతి మీదికి వేలు చాపింది. ఇటునుంచి ఇంపార్టెంట్ టీచరు, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కోరనిది కోరింది, వద్దు తల్లీ, చెప్పకు అని రెండు చేతులూ అడ్డంగా ఊపింది. పిల్ల వేలు గాల్లో ఆగింది.

మేస్త్రి నోరు తెరిచాడు. పెదవులు అలవాటైన మాటకే సర్దుకున్నాయి, టీచరు గాజులోంచి చూస్తూనే పోల్చుకుంది. ఆ మాట అంటే ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇన్నేళ్ళూ వెళ్ళినట్టే.

ఆయన కూతురి వైపు తిరిగాడు. గొంతు సర్దుకున్నాడు.

"ఆఁ?" అన్నాడు.